రసీదు లేని ఖిద్మత్

పోయిన జుమ్మా నమాజ్ అయ్యాక ఒక దోస్తు నాకు వాట్సాప్‌లో వీడియో పంపాడు. ఒక ఖాందాన్ అంబులెన్స్ కంపెనీ ఎలా పెరిగిందో చెప్పే వీడియో. అబ్బా ఒక పాత వ్యాన్‌తో మొదలుపెట్టాడు, కొడుకులు దాన్ని పెద్ద కారోబార్ చేశారు. వరుసగా నిలబెట్టిన తెల్ల బండ్లు, వెనక కన్నీళ్లు తెప్పించే మ్యూజిక్. కింద దోస్తు రాసిన మాట: "మాషా అల్లాహ్! ఖిద్మత్ కీ ఖిద్మత్, తరక్కీ కీ తరక్కీ."

నేను ఒక్క ముక్కే జవాబు రాశాను: "రసీదు ఇస్తారా?"

అతనికి కోపం వచ్చింది. "నువ్వు జర్నలిస్టువి, నీకు ప్రతి దాంట్లో ఐబే కనిపిస్తది. పదిమంది ప్రాణాలు కాపాడేటోళ్లను కూడా వదలవా?" అన్నాడు. రెండు రోజులుగా మాట్లాడ్తలేడు. ఈ పోస్ట్ అతని కోసం. అతనొక్కడి కోసమే అయితే ఫోన్ చేసి మనాయించుకునేవాణ్ణి. ఆ వీడియోను అతనికి పంపినవాళ్లు, అతను పంపినవాళ్లు, అందరూ నా మొహల్లా వాళ్లే. కాబట్టి నలుగురిలో చెప్పాల్సిన మాట ఇది.

ముందు ఆ రసీదు కథ చెప్తాను.

మా మామూ ఆబిడ్స్‌లో చిరాగ్ అలీ లేన్‌లో నలభై ఏళ్లు షేర్వానీలు కుట్టాడు. ఇల్లు నాంపల్లిలో, దర్గా యూసుఫైన్ వెనక గల్లీలో. ఒక జనవరి రాత్రి, నుమాయిష్ నడుస్తున్న రోజులు, ఛాతీలో నొప్పి అన్నాడు. 108కి ఫోన్ చేశాం. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ నుంచి జనం ఇళ్లకు పోయే టైమ్, రోడ్డంతా జామ్. అయినా ఆ పిల్లలు బండిని గల్లీ మొగదాకా తెచ్చి, స్ట్రెచర్ చేతుల మీద మోసుకొని వచ్చారు. ఆక్సిజన్ పెట్టారు, ఈసీజీ తీశారు, సర్కారీ దవాఖానాలో చేర్చారు. ఒక్క పైసా అడగలేదు. చాయ్‌కి మామీ ఇవ్వబోతే కూడా తీసుకోలేదు. అల్లాహ్ వాళ్లను సలామత్ ఉంచాలి.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. తెల్లవారుజామున డాక్టర్ వచ్చి వెంటిలేటర్ ఖాళీ లేదు, ఎక్కడైనా చూసుకోండి అన్నాడు. నాలుగు కిలోమీటర్ల అవతల ఒక హాస్పిటల్‌లో దొరికింది. గేటు బయట ప్రైవేట్ అంబులెన్స్‌లు వరుసగా ఉన్నాయి. మొదటి బండి వాడు ఆరు వేలు అన్నాడు. రెండోవాణ్ణి అడగబోతే వాడు తల తిప్పుకున్నాడు. వరుసలో ముందున్న బండికే బేరం, అది వాళ్ల ఉసూల్. బతిమిలాడితే నాలుగు వేల ఐదు వందలకు దిగాడు. బండి మీద పెద్ద అక్షరాలతో ఐసీయూ అని రాసి ఉంది. లోపల ఒక సిలిండర్, ఒక బల్ల. సిలిండర్ ముల్లు ఎర్ర గీత దగ్గర ఉంది. ఐసీయూ అన్న మాట పెయింట్‌లో తప్ప బండిలో ఎక్కడా లేదు.

మామూ మూడో రోజు ఇంతెకాల్ అయ్యాడు. మయ్యత్‌ను ఇంటికి తేవడానికి మళ్లీ అదే బేరం, అదే వరుస. ఇద్దత్ రోజుల్లో మామీ ఖర్చుల నోట్‌బుక్ ముందర పెట్టుకొని కూర్చుంది. మందుల చీటీలు ఉన్నాయి, బెడ్ చార్జీల బిల్లు ఉంది, కఫన్ బట్ట కొన్న షాపు రసీదు కూడా ఉంది. అంబులెన్స్ దగ్గర మాత్రం ఖాళీ. "ఇత్తే పైసే కైకు బేటా? కౌన్ లియా?" అని అడిగింది. ఎందుకు ఇచ్చాం, ఎవరికి ఇచ్చాం. రెండు సవాళ్లకూ నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్లుగా అందర్నీ సవాళ్లు అడిగి బతికేవాణ్ణి, ఆ రాత్రి బండి నంబర్ కూడా రాసుకోలేదు.

మామూ బతికేవాడేమో, ఆ సిలిండర్ నిండుగా ఉంటే అని నేను అనను. మౌత్ ఎవరి చేతిలో ఉందో నాకు తెలుసు. కానీ సిలిండర్ నింపడం బందాల చేతిలో పని. దాన్ని ఖిస్మత్ మీదకి నెట్టడం గునాహ్.

ఇప్పుడు తరక్కీ విషయానికొద్దాం. ఖాందాన్ పెట్టిన అంబులెన్స్ సంస్థ పెరగడం అంటే ఏమిటో హైదరాబాద్‌కు ఎవరూ వీడియో తీసి చూపించక్కర్లేదు. దేశంలోనే అన్నిటికంటే పెద్ద మిసాల్ ఇక్కడే పుట్టింది. 2005 ఆగస్టు 15న మొదలైన 108. ఈఎంఆర్ఐ అనే సంస్థ పెట్టి దాన్ని మొదలుపెట్టింది సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు, ఆయన కుటుంబం. మొదటి పెట్టుబడి వాళ్లదే. ఈ సంగతి ఒప్పుకోకపోతే నేను బేయీమాన్ అవుతాను. అంతకు ముందు రోడ్డు మీద ఎవరైనా పడిపోతే ఆటో, లేకపోతే పోలీస్ జీపు, అదీ లేకపోతే తోపుడుబండి. ఒక నంబర్ నొక్కితే బండి వస్తుందన్న భరోసా ఈ గడ్డ మీద గరీబులకు మొదటిసారి దొరికింది. డ్రైవర్‌కు పైలట్ అని పేరు పెట్టారు, పక్కన తాలీమ్ పొందిన టెక్నీషియన్‌ను కూర్చోబెట్టారు, దేవర యాంజాల్‌లో కాల్ సెంటర్, ట్రైనింగ్ క్యాంపస్ కట్టారు. ఈ తర్కీబ్ నిజంగా బాగుంది. అందుకే 2007లో గుజరాత్, 2008లో తమిళనాడు, కర్ణాటక, అస్సాం, ఇలా ఒక్కో రాష్ట్రం తీసుకుంటూ పోయింది.

ఆ పెరగడం ఎవరి పైసలతో జరిగిందో చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నడిపే ఖర్చులో 95 శాతం ప్రభుత్వమే భరించే పద్ధతి వచ్చింది. మిగతా రాష్ట్రాల్లోనూ సర్కారీ ఖజానా నుంచే, కేంద్రం ఇచ్చే గ్రామీణ ఆరోగ్య మిషన్ నిధుల నుంచే బండ్లు నడిచాయి. అంటే డీజిల్ మనది, జీతం మనది, బండ్లలో ఎక్కువ భాగం మనవి. పేరు ఖాందాన్‌ది. చప్పట్లు ముఖ్యమంత్రివి. రాజశేఖరరెడ్డి గారు పోయి ఇన్నేళ్లయినా 108 అంటే ఆయన ఇచ్చిందనే ఊళ్లలో చెప్పుకుంటారు. ఇచ్చింది తమ పన్నుల పైసలతో తామే అని చెప్పుకునేవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు.

2009 జనవరి 7న రామలింగరాజు తన చేత్తో ఉత్తరం రాశాడు. లెక్కల్లో ఉన్న వేల కోట్లు అసల్లో లేవన్నాడు. ఆ రోజు షేర్లు పడిపోయినవాళ్ల గురించి పేపర్లన్నీ రాశాయి. మా డెస్క్‌కు మాత్రం జిల్లాల నుంచి ఇంకో సవాల్ వచ్చింది: "సార్, 108 బందైతదా?" ఆ సవాల్‌ను నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఒక కంప్యూటర్ కంపెనీ లెక్కలు తప్పితే, కాన్పు నొప్పులతో ఉన్న ఆడమనిషికి బండి వస్తుందా రాదా అని భయపడాల్సి వచ్చింది. సైరన్ ఆగలేదు, ఎందుకంటే పైసలు ప్రభుత్వాలవి. అదే ఏడాది జీవీకే గ్రూప్ ముందుకొచ్చింది. ఒక ఖాందాన్ చేతిలోంచి ఇంకో ఖాందాన్ చేతిలోకి బండి తాళాలు మారాయి. మధ్యలో అవామ్‌ను ఎవరూ అడగలేదు.

కథలో మా నాంపల్లి కూడా ఉంది. 2015 ఏప్రిల్‌లో సత్యం కేసులో రాజుకు ఏడేళ్ల శిక్ష పడింది. నెల తిరగ్గానే, మే 11న, ఆ శిక్షను నిలిపి బెయిల్ ఇచ్చింది మా నాంపల్లి మెట్రోపాలిటన్ సెషన్స్ కోర్టే. ఆ కోర్టు ముందు నుంచి రోజుకు ఎన్నిసార్లు 108 సైరన్ పోతుందో వకీళ్లకు తెలుసు. నేనిక్కడ ముజ్రిమ్ ఎవరని తీర్పు చెప్పడానికి కూర్చోలేదు. మంచి పని చేసినవాడే తప్పు పని కూడా చేయగలడు, ఇన్సాన్ అంటే అదే. అందుకే ప్రాణాలు కాపాడే పనిని ఒక ఇన్సాన్ నేక్‌నామీ మీద నిలబెట్టకూడదు.

కుటుంబం పేరు ఉండటమే తప్పని కూడా నేను అనడం లేదు. మా రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ దవాఖానా చూడండి. నిజాం కోడలు ప్రిన్సెస్ నీలోఫర్ దగ్గర పనిచేసిన రఫతున్నీసా 1949లో కాన్పులో చనిపోయింది. ఇంకే రఫతూ ఇలా పోకూడదని ఆ ప్రిన్సెస్ పట్టుబట్టింది. 1953లో ఆడవాళ్లకు, పిల్లలకు ఆ దవాఖానా లేచింది. దాన్ని మించిన ఖాందానీ ఖిద్మత్ ఈ షహర్‌లో ఏముంది? ఈ రోజు అక్కడ ఒక మంచం మీద ఇద్దరు పిల్లల్ని పడుకోబెట్టే హాలత్ ఉంటుంది, నిజమే. దాని మీద ఎన్నోసార్లు రాశాను. కానీ ఆ గేటు ముందు నిలబడి అరిచే హఖ్ నాకుంది. మంత్రిని నిలదీయవచ్చు, అసెంబ్లీలో అడిగించవచ్చు, సమాచార హక్కు కింద అర్జీ పెట్టవచ్చు. నీలోఫర్ వారసులు ఎక్కడున్నారు, వాళ్ల కారోబార్ నడుస్తుందా లేదా అని ఏ తల్లీ భయపడక్కర్లేదు. పేరు ఖాందాన్‌ది, మిల్కియత్ అవామ్‌ది. ఖిద్మత్ అంటే ఇది. ఇచ్చి, తాళం చెవులు కూడా ఇచ్చేసి పోవడం.

108 సంగతి అలా కాదు. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ సేవలు అరబిందో చేతికి వెళ్లాయి. జులై 1న విజయవాడ బెంజ్ సర్కిల్‌లో 1,088 బండ్లకు జెండా ఊపారు. కాంట్రాక్ట్ ఎవరికి, ఎందుకు అని పార్టీల మధ్య పెద్ద ఝగ్డా. ఇటు తెలంగాణలో 2023 ఆగస్టు 1న 466 బండ్లకు జెండా ఊపారు. అందులో 108వి 204, అమ్మఒడి బండ్లు 228, మయ్యత్‌లను ఇంటికి చేర్చేవి 34. అటూ ఇటూ బండ్లను లెక్కపెట్టి చూపించారు. నా మొహల్లాకు ఎన్ని నిమిషాల్లో వస్తుంది, పాత బస్తీకి ఎన్ని నిమిషాలు, బంజారాహిల్స్‌కు ఎన్ని నిమిషాలు, ఆ లెక్కను ఎవరూ బోర్డు మీద రాసి పెట్టరు. తరక్కీని బండ్లతో కొలిచేది కంపెనీ. పడిపోయినవాడు నిమిషాలతో కొలుస్తాడు.

మామూ దగ్గరికి మళ్లీ వస్తాను. 108 వచ్చింది, బాగా చేసింది, దవాఖానా గేటు దాటించి వెళ్లిపోయింది. దాని డ్యూటీ అంతవరకే. ఆ తర్వాత ఇంకో దవాఖానాకు మార్చాలంటే? డిశ్చార్జ్ అయిన లకువా పేషెంట్‌ను మహబూబ్‌నగర్ తీసుకుపోవాలంటే? రెడ్‌హిల్స్ క్యాన్సర్ దవాఖానాలో "ఇంక ఇంటికి తీసుకుపోండి" అన్న మాట విన్న ఆదిలాబాద్ వాళ్లకు? సర్కారీ బండి ఏదైనా దొరికితే నసీబ్. లేకపోతే గేటు బయట వరుస. ప్రైవేట్ అంబులెన్స్ కంపెనీల తరక్కీ అంతా ఈ ఖాళీలోనే మొలిచింది. సర్కార్ వదిలేసిన చోటే వాళ్ల దుకాన్.

దోస్తు అంటాడు, "ఖాళీ నింపుతున్నారు కదా, సంతోషించు." ఖాళీ నింపడం వేరు, ఖాళీకి రేటు కట్టడం వేరు.

ఈ రేటు ఎవరు కడతారు? ఆబిడ్స్ చౌరస్తాలో ఆటో ఎక్కితే ఆ ఆటోకు పర్మిట్ ఉంటుంది, మీటర్ ఉంటుంది, కిలోమీటర్‌కు ఇంత అని సర్కార్ చెప్పిన కిరాయి ఉంటుంది. మీటర్ ఎవడేస్తున్నాడు అని నవ్వకండి, అది వేరే దాస్తాన్. కనీసం కొట్లాడటానికి ఒక కాగితం ఉంది. అంబులెన్స్‌కు అదీ లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ చదవండి. పోలీసు బండి, ఫైరింజన్, అంబులెన్స్‌లకు పర్మిట్ అక్కర్లేదని రాసి ఉంది. శవాలను మోసే బండ్లకు కూడా అంతే. రాసినవాళ్ల నియ్యత్ మంచిదే. ప్రాణం పోతుంటే పర్మిట్ కాగితాల కోసం బండి ఆగకూడదని. ఆ మినహాయింపు ఇప్పుడు ఎవరికి ఫాయిదా అవుతోంది? పర్మిట్ లేకపోతే పర్మిట్ షరతులు లేవు. మినహాయించిన చోట కిరాయి ఎంత అని రాయడం మాత్రం మర్చిపోయారు. బిర్యానీ తినడానికి పోయేవాడికి ఉన్న హిఫాజత్, గుండెపోటు వచ్చినవాడికి లేదు.

బండి లోపల ఏముండాలన్న దానికి రూల్ ఉంది. ఏఐఎస్-125 అనే ప్రమాణం, అంబులెన్స్‌లను ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాలు చేసింది. బీ అంటే పేషెంట్‌ను మోసే బండి మాత్రమే. సీ అంటే ప్రాథమికంగా ప్రాణం నిలబెట్టే సామాను ఉన్నది. డీ అంటే వెంటిలేటర్, మానిటర్ లాంటివన్నీ ఉన్నది. మామూను తీసుకుపోయిన బండి ఎక్కువలో ఎక్కువ బీ. తీసుకున్న పైసలు డీవి. మీలో ఎంతమందికి ఈ నాలుగు అక్షరాల సంగతి తెలుసు? బండి తలుపు మీద ఆ అక్షరం పెద్దగా రాసి ఉంటే గేటు దగ్గర ఏడుస్తున్న మనిషి కూడా చదువుకుంటాడు.

సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కోవిడ్ కాలంలో అంబులెన్స్‌ల వాళ్లు మనుషుల్ని దోచుకుంటున్నారని పిటిషన్ పడితే, వాజిబ్‌గా ఉండే చార్జీలు రాష్ట్రాలే నిర్ణయించాలని 2020 సెప్టెంబర్‌లో హుకుమ్ ఇచ్చింది. కోవిడ్ పోయింది. ఆ హుకుమ్ ఫైళ్లలో పడుకుంది. నాంపల్లిలో ఏ దవాఖానా గేటుకైనా అంబులెన్స్ రేట్ల బోర్డు వేలాడటం చూసినవాళ్లుంటే కామెంట్లో ఫోటో పెట్టండి, నా ఈ మాట వాపసు తీసుకుంటాను.

ఇంకా వెనక్కి పోతే హకీమ్ షేక్ ఉన్నాడు. పశ్చిమ బెంగాల్‌లో ఒక మజ్దూర్. 1992 జులైలో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలింది. ఒక సర్కారీ దవాఖానా నుంచి ఇంకోదానికి తిప్పారు, మంచం లేదు, మిషన్ లేదు అన్నారు. చివరికి ప్రైవేట్‌లో సొంత పైసలు పెట్టుకొని బతికాడు. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. 1996లో తీర్పు వచ్చింది: అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమే, పైసలు లేవన్న బహానా చెల్లదు, హకీమ్ షేక్‌కు 25 వేలు ఇవ్వండి. చిన్న దవాఖానా నుంచి పెద్ద దవాఖానాకు తీసుకుపోవడానికి సామాను ఉన్న అంబులెన్స్‌ల ఇంతెజామ్ చేయాలని కూడా ఆ తీర్పులోనే ఉంది. మామూకు తెల్లవారుజామున కావాల్సింది సరిగ్గా అదే. దానికి హుకుమ్ పుట్టి పాతికేళ్లు దాటింది.

తెలుగులో హక్కు అన్న మాట మా హఖ్ నుంచే వచ్చింది. డిగ్రీలో మా తెలుగు మాస్టారు ఈ మాట చెప్పినప్పుడు, ఉర్దూ మీడియం నుంచి వచ్చిన నేను బెంచీలో కొంచెం నిటారుగా కూర్చున్నాను. రసీదు, అర్జీ, బాకీ, జమా, ఖర్చు, కిరాయి, అన్నీ అక్కడివే. లెక్క అడగడానికి కావాల్సిన మాటలన్నీ తెలుగువాళ్లకు ఉర్దూ ఇచ్చింది. మరి ఉర్దూ మాట్లాడే మేము ఎందుకు లెక్క అడగం?

ఎందుకంటే మాకు ఖిద్మత్ అన్న మాట వినగానే తల వంగిపోతుంది. ఇక్కడ నా ఖౌమ్‌తో కొంచెం కడక్‌గా మాట్లాడాలి. మన మొహల్లాల్లో మస్జిద్ కమిటీలు, ట్రస్టులు పెట్టిన అంబులెన్స్‌లు ఉన్నాయి. కోవిడ్‌లో సొంతవాళ్లే ముట్టుకోని మయ్యత్‌లను, మజ్‌హబ్ చూడకుండా, మన నౌజవాన్లు భుజాన మోశారు. దాని మీద నాకు ఫఖ్ర్ ఉంది. కానీ జకాత్, సద్ఖా పైసలతో కొన్న బండి ఏ నెలలో ఎవరి కోసం తిరిగిందో, డీజిల్ ఎంత పోసిందో లెక్క గోడకు అంటించే కమిటీలు ఎన్ని? అడిగితే "అల్లాహ్ చూస్తున్నాడు" అంటారు. అల్లాహ్ చూస్తున్నాడు కాబట్టే రాయాలి భాయ్. ఖురాన్‌లో అన్నిటికంటే పొడుగైన ఆయత్ నమాజ్ గురించి కాదు, రోజా గురించి కాదు. అప్పు లావాదేవీని రాసుకోవడం, గవాహ్‌లను పెట్టుకోవడం గురించి. తూకంలో, కొలతలో మోసం చేసేవాళ్ల పేరు మీద ఒక సూరానే ఉంది, అల్ ముతఫ్ఫిఫీన్. సగం సిలిండర్‌తో పూర్తి కిరాయి తీసుకునేవాడు ఏ తూకంలోకి వస్తాడో ఆలిమ్‌లు ఒక జుమ్మా ఖుత్బాలో చెప్తే బాగుంటుంది.

కరాచీలో అబ్దుల్ సత్తార్ ఈధీ ఉండేవాడు కదా అంటారు. ఉండేవాడు. గుజరాత్‌లోని బాంట్వాలో పుట్టి, బట్వారా తర్వాత కరాచీ పోయి, ఒక పాత వ్యాన్‌తో మొదలుపెట్టి ప్రపంచం చెప్పుకునే అంబులెన్స్ సేవ కట్టాడు. 2016లో పోయేదాకా ఫకీర్‌లా బతికాడు. సర్కారీ పైసలు తీసుకోలేదు, లాభం తీసుకోలేదు. ఆయన పేరు చెప్పి కారోబార్ చేసేవాళ్లు ఆయన రెండు జతల బట్టల సంగతి కూడా చెప్పాలి. ఇంకొక మాట. ఈధీ అంత గొప్పవాడు కావాల్సి వచ్చింది అక్కడి హుకూమత్ అంత చిన్నది కాబట్టి. దర్వేష్‌లు దొరికినప్పుడే బతికే షహర్‌ను నేను కోరుకోను.

కోరుకునే మిసాల్ దగ్గర్లోనే ఉంది. శ్రీలంకలో 2016లో 1990 అనే నంబర్‌తో సువసేరియ అంబులెన్స్ సేవ మొదలైంది. భారత ప్రభుత్వం ఇచ్చిన పైసలతో, మన హైదరాబాద్ ఈఎంఆర్ఐ చేత్తోనే. అంటే తర్కీబ్ మనదే. కానీ వాళ్లు ఒక పని చేశారు. 2018లో పార్లమెంట్‌లో చట్టం చేసి దాన్ని ఒక ప్రజా ఫౌండేషన్ చేశారు. నేర్పించినవాళ్లకు షుక్రియా చెప్పి తాళం చెవులు తమ దగ్గర పెట్టుకున్నారు. మనం కనిపెట్టింది వాళ్లు సొంతం చేసుకున్నారు. మనం ఇంకా టెండర్లు పిలుస్తూనే ఉన్నాం.

ప్రైవేట్ బండ్ల డ్రైవర్లు కూడా గరీబులే కదా అని ఎవరైనా అంటారు, సరిగ్గానే అంటారు. మామూను తీసుకుపోయిన పిల్లవాడికి ఇరవై రెండేళ్లుంటాయి. "భయ్యా, దీంట్ల నాకొచ్చేది ఐదొందలే, మిగతాది సేట్‌కు, గేటు దగ్గరోళ్లకు" అన్నాడు. గేటు దగ్గర ఎవరు అని అడిగితే నవ్వాడు. 108 పిల్లలు పన్నెండు గంటల షిఫ్టుల మీద, జీతాల మీద సమ్మెలు చేసినప్పుడు వాళ్లను తీసేస్తామని బెదిరించారే తప్ప వాళ్ల మాట విన్నవాళ్లు తక్కువ. నా గుస్సా స్టీరింగ్ పట్టుకున్నవాడి మీద కాదు. కంపెనీ పెరిగిందని వీడియో తీసేటప్పుడు ఆ పిల్లవాడి జీతం ఎంత పెరిగిందో కూడా ఒక ముక్క చూపించమంటాను. ఆ ముక్క ఏ వీడియోలోనూ ఉండదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి అంబులెన్స్ తలుపు మీద దాని రకం అక్షరం రాయాలి. ప్రతి దవాఖానా గేటు మీద కిలోమీటర్‌కు ఇంత అన్న బోర్డు తెలుగులో, ఉర్దూలో ఉండాలి. బండి నంబర్‌తో రసీదు ఇవ్వకపోతే కిరాయి తీసుకోకూడదు. గేటు దగ్గర కమీషన్ తీసుకునేవాడు ఎవడైనా, యూనిఫామ్‌లో ఉన్నా సరే, వాడి మీద కేసు పడాలి. 108కి పక్కనే, ఒక దవాఖానా నుంచి ఇంకోదానికి, దవాఖానా నుంచి ఇంటికి చేర్చే సర్కారీ బండ్లు అడిగినవాడికి దొరికేటన్ని ఉండాలి. ఏ మొహల్లాకు ఎన్ని నిమిషాల్లో వచ్చారో నెలనెలా అందరికీ చెప్పాలి. నడిపేది ఏ కంపెనీ అయినా సరే, ఇవన్నీ టెండర్ కాగితంలో కాకుండా చట్టంలో ఉండాలి. కంపెనీలు మారతాయి, ఖాందాన్‌లు మారతాయి, ముఖ్యమంత్రులు మారతారు. పడిపోయినవాడి హఖ్ మారకూడదు.

దోస్త్, నీ కోపం నాకు తెలుసు. నువ్వు పంపిన వీడియోలో ఆ అబ్బా ముఖం నిజంగా మంచి ముఖమే. ఆయన మొదటి వ్యాన్‌లో ఎంతోమంది బతికి ఉంటారు, ఆయనకు నా సలామ్. అందుకే ఆయన కొడుకుల్ని నేను రెండు మాటలే అడుగుతాను. ఆ వీడియోలో మ్యూజిక్ తీసేసి మీ రేట్ల పట్టీ పెట్టండి. మయ్యత్ ఇంటికి చేరాక కూడా, తలుపు దగ్గర నిలబడి, ఒక కాగితం రాసి ఇవ్వండి.

మామీ నోట్‌బుక్ ఇంకా ఆమె అల్మారాలోనే ఉంది. ఆ రెండు గీతలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.